దేవుడు సాక్షి, యజమాని ఎవరు?

పొన్నూరు భావనారాయణస్వామికి "సాక్షి" అని పేరు. కాశీయాత్రలో ఇచ్చిన మాట ఒకడు తప్పబోతే, దానికి సాక్ష్యం చెప్పడానికి దేవుడే దిగివచ్చాడని స్థలపురాణం. కథను కథగానే తీసుకుందాం. అందులో దేవుడు సాక్షిగా వచ్చాడుగాని హక్కుదారుగా రాలేదు. మన కాలంలో దేవుడి మాటమీదే హక్కుల వ్యాజ్యాలు నడుస్తున్నాయి.

ప్రభుపాదుల గ్రంథాలను కొన్ని వెబ్‌సైట్లూ, యాప్‌లూ అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టాయని భక్తివేదాంత బుక్ ట్రస్టు ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2023 సెప్టెంబరులో జస్టిస్ ప్రతిభా సింగ్ ఉత్తర్వు ఇచ్చారు. భగవద్గీత వంటి ధర్మగ్రంథాలమీద ఎవరికీ కాపీరైటు లేదు; మూలాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. కాని దానికి ఒక రచయిత వ్రాసిన వ్యాఖ్యానం, తాత్పర్యం, సంగ్రహం అతని రచనలే గనుక వాటికి రక్షణ వుంటుంది.

ఈ విభజన సబబైనదే. మూలం తరతరాల ప్రజలు నోట నిలిపి, తాటాకుమీద గీసి కాపాడిన సొత్తు. వ్యాఖ్యానం ఒక వ్యక్తి శ్రమ. శ్రమకు ఫలితం దక్కాలనే మనం, మతగ్రంథం అనగానే ఆ సూత్రాన్ని వదిలెయ్యలేం. జ్ఞానం అందరిదీ అంటూ అనువాదకుణ్ణి పస్తుపెట్టడం అభ్యుదయం కాదు.

ఐతే ప్రశ్న అక్కడితో తీరదు. 1957 చట్టం రచయిత మరణానంతరం 50 ఏళ్లు హక్కునిచ్చింది. రవీంద్రుని రచనల గడువు తీరుతున్న సందర్భంలో, 1992 సవరణతో అది 60 ఏళ్లయింది. ప్రభుపాదులు 1977లో పోయారు. హక్కు 2037 చివరిదాకా వుంటుంది; అనుభవించేది సంస్థ. శ్రమ పేరుతో పుట్టిన హక్కు, శ్రమించినవాడు పోయాక ఉత్త ఆస్తిగా మిగులుతుంది. ఆస్తి వున్నచోట ప్రహరీగోడ లేస్తుంది.

ఆ గోడ ఎంత ఎత్తు లేవగలదో అమెరికాలో సైంటాలజీ చూపించింది. ఆ సంస్థ తన పైమెట్ల బోధలను రహస్యంగా వుంచి, భారీగా రుసుము చెల్లించి మెట్లెక్కిన సభ్యులకే చూపేది. విమర్శకులు వాటిని ఇంటర్నెట్‌లో పెట్టగానే కాపీరైటు దావాలు వేసింది. కొన్ని పంక్తులు మాత్రం ఉటంకించిన వాషింగ్టన్ పోస్టు పత్రికమీద దావా 1995లో నిలవలేదు. పాఠాలనే పెట్టిన మాజీ సభ్యుడు 1996లో ఓడిపోయాడు. అక్కడ కాపీరైటు రచయిత కూలికోసం కాదు, రహస్యానికి కాపలాగా నిలిచింది.

ఈ కాపలా మనకు కొత్తదా? వేదం శూద్రుల చెవిన పడరాదన్న ధర్మశాస్త్రకారులకు కాపీరైటు అనే మాట తెలియదుగాని పని తెలుసు. కవిత్రయం భారతాన్నీ, పోతన భాగవతాన్నీ తెలుగు చేసినప్పుడు సంస్కృతం రానివాడికి తలుపు తెరుచుకున్నది. ఆనాడు ఎవరైనా అనుమతిపత్రం అడిగివుంటే మన సాహిత్యం గతేమిటి?

మూలానికి స్వేచ్ఛ దొరికింది కదా అని తృప్తిపడడానికి వీలులేదు. ప్రజల బ్రతుకులను నడిపేది మూలంకంటె వ్యాఖ్యానమే. గీతలోని "చాతుర్వర్ణ్యం" అనే మాటకు పుట్టుక అని అర్థం చెప్పేవాడున్నాడు, గుణం అని చెప్పేవాడున్నాడు. మూలం ఒకటే. కాని ఎవరు ఎవరి పంక్తిన కూర్చోవాలో, ఎవరి పిల్లను ఎవరికివ్వాలో తేల్చడానికి పనికివచ్చేది ఆ అర్థమే. నవలకు పాఠకుణ్ణి శాసించే అధికారం లేదు. మతవ్యాఖ్యానం ఆ అధికారం కోరుతుంది. అధికారం కోరే మాట విమర్శకు లోబడాలి.

విమర్శకూ, సమీక్షకూ చేసే న్యాయమైన వినియోగాన్ని మన చట్టంలోని 52వ సెక్షను అనుమతిస్తున్నది. మతవ్యాఖ్యానాల విషయంలో ఆ వెసులుబాటు మరింత విశాలం కావాలి. పుస్తకాన్ని యథాతథంగా ఎక్కించి డబ్బు చేసుకునేవాణ్ణి ఆపవచ్చు. రెండు వ్యాఖ్యానాలను పక్కపక్కన పెట్టి, పేజీలకు పేజీలు ఉటంకించి, తరగతిలో విద్యార్థులచేత తర్కింపజేసే ఉపాధ్యాయుణ్ణి ఆపే హక్కు ఏ ట్రస్టుకూ వుండకూడదు. వ్యాఖ్యాతకు కూలి ఇద్దాం. కాని ప్రశ్నించేవాడి నోటికి తాళం వేసే హక్కును ఆ కూలితోబాటు కట్టబెట్టనక్కరలేదు.