ఎడమకాలి పాఠం

ఊరి బడి మైదానంలో పిల్లలు బంతి ఆడుతుంటే, పక్కన ఈల పట్టుకుని నిలబడ్డ మాస్టారిని కూడా ఒకసారి చూడండి.

హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం అలాంటి మాస్టారే. బడిపంతులుగా మొదలై, సిటీ పోలీసు జట్టుకు, ఆపైన భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడయ్యారు. కుడికాలి వాటం కుర్రాళ్లు ఎడమకాలితోనే తన్నాలని నియమం పెట్టి ఆడించేవారు. ఆ కాలు తడబడేది, బంతి పక్కకు పోయేది. ఆయన ఓపిగ్గా మళ్లీ తన్నించేవారు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఒంట్లో జబ్బు ముదురుతున్నా ఆయన జట్టును వదల్లేదు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందువరుసలోకి పంపారు. అతను గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో మళ్లీ స్వర్ణం. మరుసటి ఏడు జూన్‌లో రహీం కన్నుమూశారు.

పతకం ఆటగాడి మెడలో పడుతుంది, గురువు మెడలో ఈల తాడే మిగులుతుంది. ఆయనకు అదే తృప్తి. మీ ఇంట్లో వెనకబడ్డ బిడ్డ ఉంటే, ఈ పూట పక్కన కూర్చోండి. ఓపిగ్గా, మళ్లీ ఒకసారి చెప్పండి.