కూర్చోబెట్టే ప్రేమ

మన ఇళ్ళల్లో ముసలివాళ్ళకు జరిగే సన్మానాల్లో మొదటిది కుర్చీ. "ఇన్నేండ్లు చేసింది చాలదా, ఇగ కూసో అవ్వా!" అంటాం. చేతిలో చీపురు లాక్కుంటాం. బిందె లాక్కుంటాం. ఆఖరికి తన కంచం తాను కడుక్కోబోయినా ఊరుకోం. చూసినవాళ్ళు "కొడుకంటే వీడు, కోడలంటే ఈమె" అని మెచ్చుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ అవ్వ కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. "వయసు మీద పడింది" అని నిట్టూరుస్తాం. పాపం, వయసుకు నోరు లేదు కదా, తన తరపున చెప్పుకోవడానికి!

నేరమంతా వయసుదే కాదండీ. వాడని కండ కరుగుతుంది. కుర్రవాడు పది రోజులు మంచం పట్టినా లేచి తిరిగితే కోలుకుంటాడు. డెబ్భై దాటినవాళ్ళకు పోయిన బలం అంత సులువుగా రాదు. అలాగని అసలు రాదనుకోకండి. అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళకు అటూ ఇటూగా ఉన్న పదిమంది చేత డాక్టర్లు ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. ఒకరు మధ్యలో మానుకున్నారు. తక్కిన తొమ్మిదిమంది కాళ్ళ బలం సగటున రెండున్నర రెట్లు దాటిందని 1990లో ప్రకటించారు. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరుగా ఒళ్ళు వంచాలనీ, మూడు రోజులు నిలకడకూ బలానికీ కసరత్తు చెయ్యాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

ఇక్కడ ఒక మాట అడ్డొస్తుంది. తీసిపారేసే మాట కాదది. మాది పాలకుర్తి, చాకలి ఐలమ్మ ఊరు. కౌలు పొలంలో తాను పండించిన గింజల మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నేస్తే, సంఘం అండతో ఎదురు నిలిచి పంటను ఇంటికి చేర్చుకున్న మనిషి ఆమె. అలాంటి బతుకులు బతికినవాళ్ళతో "కాస్త వ్యాయామం చెయ్యండి" అనడానికి నోరెలా వస్తుంది? నాట్లేసి నాట్లేసి నడుం వంగినవాళ్ళకు చెమట గొప్పతనం మనమా చెప్పేది? దొరల ఇళ్ళల్లో చేసిన వెట్టిని వ్యాయామమంటే పాపం తగులుతుంది. విశ్రాంతి వాళ్ళ హక్కు.

ఒప్పుకుంటాను. అయితే ఐలమ్మ పోరాడింది పని తప్పించుకోవడానికా? తన చేతి కష్టం తనదేనని నిలబెట్టుకోవడానికి. బరువు దింపడం వేరు, చేతనైనదాన్ని లాక్కోవడం వేరు. మొదటిది సేవ. రెండోది, ఎంత ప్రేమతో చేసినా, ఒకరకం ఆక్రమణే.

"పడిపోతారేమోనని భయమండీ" అంటారు. నిజమే, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మాటలు కాదు. కానీ గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి, భయంతోపాటు తొందర కూడా లేదూ? అమ్మ చెంబెడు నీళ్ళు తెచ్చుకోవడానికి పది నిమిషాలు. మనం తెస్తే అరనిమిషం. ఆ తొమ్మిదిన్నర నిమిషాలు ఓపిక పట్టలేక తెచ్చిచ్చేసి, దానికి ప్రేమ అని పేరు పెడతాం.

మా ఊరి గుట్టమీది సోమేశ్వరస్వామి గుడి గురించి ఒక కథ చెప్తారు. ఒక ముసలమ్మ ప్రదక్షిణ చెయ్యాలనుకుని, చేతకాక మొరపెట్టుకుంటే, గుట్ట చీలి ఆమెకు దారిచ్చిందట. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నాకు మాత్రం అందులో స్వామి తెలివి నచ్చింది. "నువ్వు కూర్చో తల్లీ, నీ బదులు ఇంకెవరైనా తిరుగుతారులే" అనలేదు. దారి దగ్గర చేశాడు, నడక ఆమెకే వదిలేశాడు.

గుట్టలు చీల్చే శక్తి మనకు లేదు. స్నానాలగది గోడకు పట్టుకోవడానికో కమ్మీ, ఎత్తు గడప ముందు ఒక చిన్న మెట్టు, వాకిట్లో నాచు గీకెయ్యడం, సాయంత్రం వీధి చివరిదాకా పక్కన నడిచే మనవడు. ఈపాటివి చెయ్యగలం. అన్నిటికంటే ముందు చెయ్యవలసింది, అడగడం. "అవ్వా, ఏ పని నేను చెయ్యాలె, ఏ పని నీకే ఉంచాలె?" అని.

జవాబు వచ్చేదాకా ఆ కుర్చీ కాస్త పక్కన పెట్టండి.