టేపుకు అందని తల

హెల్మెట్ సైజును తల చుట్టుకొలతతో చెబుతారు. కనుబొమలకు కాస్త పైనుంచి, వెనక ఉబ్బెత్తు భాగం మీదుగా టేపు చుడితే ఆ సంఖ్య వస్తుంది. కానీ 58 సెంటీమీటర్ల తలలన్నీ ఒకలా ఉండవు. ఒకటి గుండ్రంగా ఉంటుంది, ఇంకొకటి ముందుకూ వెనక్కూ సాగి కోలగా ఉంటుంది. కోలతలకు గుండ్రటి హెల్మెట్ పెడితే కాసేపటికే నుదుటి మీద ఎర్రటి చార తేలుతుంది, చెవుల పైన మాత్రం ఖాళీ మిగులుతుంది. గుండ్రటి తలకు కోల హెల్మెట్ పెడితే కణతలు నొక్కుకుపోతాయి. పట్టీ బిగించి తల ఊపినప్పుడు నుదుటి చర్మం కూడా హెల్మెట్‌తో పాటు కదిలితే అది సరిపోయినట్టు. దెబ్బ తగిలినప్పుడు లోపలి థర్మకోల్ పొర నలిగి ఆ దెబ్బ శక్తిని తనలో ఇముడ్చుకోవాలి. తలకు ఆనని హెల్మెట్‌లో ఆ పని సరిగా జరగదు.

నియమాలకూ ఈ చిక్కే ఉంది. అందరికీ ఒకే కొలత పెట్టడమే సమానత్వమా? అరిస్టాటిల్ 'నికోమాకియన్ ఎథిక్స్' 5వ భాగంలో ఇదే ఆలోచిస్తూ, లెస్బోస్ దీవి తాపీపనివారి సీసపు కొలబద్దను ఉదాహరణగా తీసుకున్నాడు. అది రాయి వంపును బట్టి తానూ వంగుతుంది. చట్టం అందరినీ ఉద్దేశించి మాట్లాడుతుంది కాబట్టి, అది ఊహించని సందర్భంలో దాన్ని సవరించడం కూడా న్యాయమేనన్నది అతని వాదన.

హెల్మెట్ చట్టానికి ఆ సందర్భం సిక్కుల తలపాగా దగ్గర ఎదురైంది. ఖాల్సా దీక్ష తీసుకున్నవారికి కేశాలు కత్తిరించకపోవడం వ్రతం, తలపాగా ఆ వ్రతంలో భాగం. బ్రిటన్ 1973లో హెల్మెట్ తప్పనిసరి చేసి, 1976లో తలపాగా కట్టుకున్న సిక్కులను మినహాయించింది. భారత మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్‌లోనూ ఆ మినహాయింపు ఉంది. జర్మనీ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం మాత్రం 2019లో కాదంది. హెల్మెట్ అనేది పెట్టుకున్నవాడి తలను కాపాడటమే కాదు, ప్రమాదంలో చిక్కుకున్న ఇతరులనూ, కాపాడటానికి వచ్చేవారినీ తీవ్రమైన మానసిక ఆఘాతం నుంచి రక్షిస్తుందని దాని తర్కం. ఈ మాట బరువైనదే. ఒకరి మరణం ఆ ఒక్కరితో ఆగదు. అయినా, తెలిసి ప్రమాదాన్ని నెత్తిన వేసుకునే పెద్దవారి విషయంలో మినహాయింపే న్యాయం. వ్రతాన్నో బండినో వదులుకోమనడం చట్టం తేలిగ్గా అనదగిన మాట కాదు. అలాగని మినహాయింపును రక్షణ అనుకోకూడదు. తలపాగా బట్ట థర్మకోల్ చేసే పని చేయలేదు.

వెనక సీటు మీద కూర్చున్న పిల్లవాడి సంగతి వేరు. ఆ ప్రమాదాన్ని అతను ఎంచుకోలేదు. అక్కడ మినహాయింపు కన్నా తలకు తగ్గట్టు హెల్మెట్‌నే మార్చడం మేలు. కెనడాలో ఒక సిక్కు తల్లి తన కొడుకుల కోసం చేయించిన సైకిల్ హెల్మెట్ అలాంటిదే. నడినెత్తిన జుట్టు ముడి ఇమిడేలా దాని పైభాగాన్ని బుడిపెలా ఎత్తు చేశారు.

అయితే ఆకారం కుదిరినంత మాత్రాన ప్రశ్న తీరదు. సిక్కు సైనికుల కోసం రూపొందించిన హెల్మెట్లను 2023లో సిక్కుల అత్యున్నత మత పీఠం అకాల్ తఖ్త్ వ్యతిరేకించింది. ముడికి చోటుందా లేదా అన్నది అక్కడ సమస్య కాదు. తలపాగా ఉండాల్సిన చోట టోపీ వంటిది ఏదైనా పెట్టవచ్చా అన్నదే సమస్య.