లేదని చెప్పే యోగ్యత

హైదరాబాదు పాతబస్తీలోని మక్కా మసీదు ఆవరణలో వుజూ చేసుకునే కొలను ఉంది. అందరూ చేతులూ కాళ్లూ ముఖమూ కడుక్కునే నీరు శుద్ధమేనా అన్న ప్రశ్న ఇస్లాం ధర్మశాస్త్రానికి కొత్త కాదు. హనఫీ పండితులు దానికో లెక్క కట్టారు. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉంటే దాన్ని పెద్ద జలాశయంగా ఎంచాలి. అందులో మైల పడినా, రంగో రుచో వాసనో మారనంతవరకు ఆ నీరు శుద్ధమే. ఈ లెక్క వెనక ఒక సూత్రం ఉంది: ఖాయంగా తెలిసిన దాన్ని వట్టి అనుమానం కొట్టెయ్యలేదు. అందులో ఎంతో దయ ఉంది. దాహంతో వచ్చినవాణ్ణి, నమాజుకు వేళ మించిపోతున్నవాణ్ణి అనుమానాలతో వేధించకూడదన్న దయ అది. అయితే ఈ సూత్రం పుట్టిన కాలంలో మైల అంటే కంటికో ముక్కుకో నాలుకకో తెలిసేదే. ఆ మూడింటికీ అందని మైలను మనిషే తయారుచేసి, ఊరి పక్కన నిల్వ చేసినప్పుడు, నీరు శుభ్రమేనన్న మాట ఎవరు చెప్పాలి? ఏ ఆధారంతో చెప్పాలి?

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో ఈ ప్రశ్న బోరుబావుల రూపంలో నిలబడి ఉంది. అక్కడి యురేనియం గనికి, మిల్లుకు 2007లో శంకుస్థాపన జరిగింది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యూసీఐఎల్) 2012లో పని మొదలుపెట్టింది. అక్కడి ఖనిజం చాలా పలచన, నూరు టన్నుల రాయిలో యాభై కిలోల యురేనియం కూడా ఉండదు. మిల్లును రోజుకు మూడువేల టన్నుల రాయి పొడి చేసేలా కట్టారు. అంటే తవ్వినదంతా దాదాపు బురదగానే మిగులుతుంది. ఆ బురద కొట్టాల గ్రామం దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. యురేనియం తీసేసినా, రాయిలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉంటుంది. దాన్ని చెరువు అనడానికి నోరు రాదు. తెలుగువాళ్ల సప్తసంతానాల్లో తటాకం ఒకటి. కన్నబిడ్డ తర్వాత కూడా పేరు నిలిపేదిగా చెరువును ఎంచారు. మన చెరువు గొప్పతనమంతా నీరు నేలలోకి దిగడంలో ఉంది. అది నిండితే కింది బావుల్లో ఊట పెరుగుతుంది. ఇక్కడ అడుగు నుంచి చుక్క కూడా దిగకపోవడమే కట్టినవాళ్ల ధర్మం.

ఆ చుక్క దిగిందా లేదా అన్నదే వివాదం. బోరు నీళ్లు మారాయనీ అరటి తోటలు దెబ్బతిన్నాయనీ చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అడుగున వేయాల్సిన పొర షరతుల మేరకు ఉందా అని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థను నిలదీసింది, నిపుణుల కమిటీనీ వేసింది. లీకేజీ ఏదీ కనబడలేదన్నది సంస్థ వాదన. ఈ ‘కనబడలేదు’ అన్న మాట దగ్గరే ఆగాలి. ఎందుకంటే మన తాత్వికులు ఈ ఒక్క మాట మీద శతాబ్దాలపాటు వాదించుకున్నారు. ఒక వస్తువు లేదని మనకెలా తెలుస్తుంది? కనబడకపోవడం వల్లే తెలుస్తుందని, అది ఒక ప్రత్యేక ప్రమాణమని కుమారిలభట్టు అన్నాడు. అనుపలబ్ధి అని దానికి పేరు. నైయాయికులు దాన్ని విడి ప్రమాణంగా ఒప్పుకోలేదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే, ఆయనదీ ఆ పక్షమే. కానీ ఒక షరతు దగ్గర రెండు పక్షాలూ కలుస్తాయి. వెతికే వస్తువు ఉండి ఉంటే కనబడి తీరేదన్న పరిస్థితి ఉండాలి. దీపం వెలుగుతున్న గదిలో నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ అనలేం. మొదటిదే యోగ్యానుపలబ్ధి. రెండోది వట్టి చీకటి.

టెయిలింగ్ పాండ్‌ల నియంత్రణలో చర్చంతా ఈ యోగ్యత గురించేనని నా నమ్మకం. గట్టు తెగితే దాచడానికి వీల్లేదు. 2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో గట్టు కూలి 270 మంది పోయిన దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. ఊట అలా కాదు. నేల కింద నీరు ఏడాదికి కొన్ని అడుగులే కదిలే చోట, ఇవాళ కారినది పక్క పొలంలోని బోరులో తేలేసరికే ఏళ్లు పట్టవచ్చు. కాబట్టి ‘లేదు’ అనే ముందు గదిలో దీపం పెట్టి ఉండాలి. ఆ దీపం ఎలా ఉంటుందో ఇంజనీర్లకు బాగా తెలుసు. అడుగున ఒక పొర కాదు, రెండు పొరలు వేయాలి. వాటి మధ్య గులకరాళ్ల వంటి పారుదల అర, దాని చివర ఒక సంపు ఉండాలి. పై పొర చిరిగితే నీరు భూజలంలోకి పోకముందే ఆ సంపులో కనబడుతుంది. అమెరికా నిబంధనలు కొత్త పాండ్‌లకు ఇదే అడుగుతాయి. దీనికి తోడు పాండ్‌కు ఎగువనా దిగువనా పరిశీలన బోర్లు తవ్వాలి. పని మొదలవక ముందే వాటి నీటిని పరీక్షించి లెక్క రాసి పెట్టాలి. ఏది వెతకాలో కూడా ముందే తెలిసి ఉండాలి. తుమ్మలపల్లెలో యురేనియాన్ని కరిగించేది ఆమ్లం కాదు, సోడా. అలాంటి పాండ్ కారితే సోడియం, సల్ఫేటు ముందే బయటపడే అవకాశం ఎక్కువ. పైగా కార్బొనేటుతో జతకట్టిన యురేనియం మట్టికి అంటుకోకుండా నీటితోనే ప్రయాణిస్తుంది. ఒక్క యురేనియాన్నే, అదీ తప్పు లోతులో, ఏడాదికొకసారి వెతికితే ఆ పరీక్ష చీకటి గదిలో కుండను వెతకడమే.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. ఆ నేలలోని రాళ్లలోనే యురేనియం ఉంది, నీళ్లలో ఉండటం సహజం కదా అంటారు. అది నిజమే కావచ్చు. యురేనియం ఉన్న చోటే గని తవ్వుతారు. కానీ ఈ వాదన లీకేజీ లేదని చెప్పదు. ఉన్నా లేకున్నా తేడా తెలియదని మాత్రమే చెబుతుంది. తేడా తెలియని చోట, తేడా తేల్చే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత రెట్టింపవుతుంది. తొలినాటి లెక్క ఉంటే పెరుగుదల తెలుస్తుంది. యురేనియం ఐసోటోపుల నిష్పత్తి కూడా సాయం చేస్తుంది. ఏళ్ల తరబడి రాళ్ల మధ్య నానిన నీటిలో యురేనియం 234 సాధారణంగా 238 కన్నా ఎక్కువ చురుకుగా ఉంటుంది. ఖనిజాన్ని పిండి చేసి కరిగించిన నీటిలో రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. సహజమన్న మాట చెప్పేవాళ్లు ఆ మాటకు తగిన కొలతలు కూడా చూపాలి.

రెండో ఆక్షేపణ మసీదు కొలను దగ్గరిదే. రుజువయ్యేదాకా నీరు శుద్ధమేనని ధర్మశాస్త్రమే అంటుంటే, సంస్థకు ఆ వెసులుబాటు ఎందుకు ఇవ్వకూడదు? ఆ సూత్రం ఎవరి కోసం పుట్టిందో చూడాలి. తాను కలపని మైల గురించి, తెలుసుకునే దారి లేని మనిషికి ఇచ్చిన ఊరట అది. మైలను తెచ్చి పెట్టినవాడికి, పరికరాలు చేతిలో ఉన్నవాడికి అది వర్తించదు. మన న్యాయస్థానాలు కూడా ఇదే చోటికి చేరాయి, అదీ పాతబస్తీ తాగే నీటి విషయంలోనే. మీర్ ఆలం ఫిల్టర్ ద్వారా పాతబస్తీకి నీరిచ్చే హిమాయత్‌సాగర్, దాని పక్కనే ఉన్న ఉస్మాన్‌సాగర్‌ల సమీపంలో, శంషాబాద్ దగ్గరి పెద్దషాపూర్‌లో ఒక నూనె పరిశ్రమ పెట్టబోయారు. ఆ కేసులో సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెప్పింది. హాని జరుగుతుందని జనం రుజువు చేయనక్కరలేదు, జరగదని పరిశ్రమ పెట్టేవాడే రుజువు చేయాలంది. హైదరాబాదు నీటికి దక్కిన ఆ న్యాయం కొట్టాల బోరుకు దక్కకపోవడానికి నాకు ఒక్క కారణమూ కనబడదు.

దేశానికి కరెంటు కావాలి, అణు ఇంధనం కావాలి అన్నది మూడో మాట. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తుమ్మలపల్లె యురేనియం చేరేది ఈ నగరంలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కే. కాబట్టి ఈ లెక్కలో హైదరాబాదు బయటి మనిషి కాదు, లాభం పొందే పక్షం. కానీ లాభం అందరిదీ, ఊట కొందరిదీ అయినప్పుడు ధర్మం ఏమంటుందో ఇస్లాం ఏనాడో చెప్పింది. ఒకరి బావి చుట్టూ నలభై మూరల మేర హరీం ఉంటుందని, అక్కడ మరొకరు తవ్వరాదని హదీసు సంప్రదాయం. తవ్వకమే వద్దని ఆ నియమం అనదు. పక్కవాడి నీటికి దూరంగా తవ్వమంటుంది. రెండు పొరలూ ఆ సంపూ పరిశీలన బోర్లూ కలిసి ఈ కాలపు హరీం అవుతాయి. వాటి ఖర్చును ఇంధనం ధరలో కలపకపోతే, ఆ ఖర్చును రైతు తన తోటతో కడతాడు. పూర్తిగా కారని పొర లేదంటారు, అదీ నిజమే. నియంత్రణ కోరేది అసాధ్యమైన శుద్ధిని కాదు. ఎంత కారితే ఎవరు ఏం చేయాలో ముందే రాసిపెట్టమని, ఆ అంకెలు ఊరివాళ్లకు తెలుగులో ఎప్పటికప్పుడు చెప్పమని అడుగుతుంది.

అన్నిటికన్నా కష్టమైనది కాలం. కొత్తగా పుట్టకపోయినా, ఆ బురదలోని రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. దాన్ని పుట్టించే థోరియం 230కి దాదాపు 75 వేల ఏళ్లు. గని మూతపడిన మర్నాటి నుంచి పరిశీలన బోరు దగ్గరికి ఎవరు వెళ్తారు? చచ్చాక కూడా సాగే బాధ్యతకు మన దగ్గర పాత రూపాలున్నాయి. వక్ఫు అలాంటిదే: ఆస్తిని కట్టిపెట్టి, దాని రాబడితో బావినో సత్రాన్నో ఎప్పటికీ నడపడం. గని లైసెన్సుతోపాటే అలాంటి నిధిని వేరుగా కట్టించాలి. సంస్థ ఉన్నా పోయినా బోరు కొలత ఆగకూడదు. 1617లో మక్కా మసీదు పని మొదలైనప్పటి నుంచి ఇప్పటికి నాలుగు వందల ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లూ ఎవరో ఒకరు ఆ ఆవరణను కనిపెట్టుకుని ఉన్నారు. కొట్టాల దగ్గరి ఆ బురదలో, కొత్తగా పుట్టకపోయినా, రేడియం సగానికి దిగేసరికే అలాంటి నాలుగు కాలాలు గడవాలి. ఆ కొలత తీసే మనిషి జీతం ఏ ఖాతాలోంచి వస్తుందో ఇవాళ్టి అనుమతి పత్రంలోనే రాసి ఉండాలి.