సేవకు జీతం తీసుకోవచ్చా?

దివ్యఖుర్ఆన్‌లోని 107వ సూరా ‘అల్ మాఊన్’ ఏడే ఏడు ఆయతుల చిన్న సూరా. మన పిల్లలు మక్తబ్‌లో తొలినాళ్లలోనే దాన్ని కంఠస్థం చేస్తారు. ధర్మాన్ని ధిక్కరించేవాడు ఎవడో చూశావా అని అడిగిన అల్లాహ్, వాడు అనాథను గెంటివేసేవాడని, పేదవాడికి అన్నం పెట్టమని ఎవరినీ పురికొల్పనివాడని వెంటనే తెలియజేశాడు. నమాజు పట్ల ఏమరుపాటు, ప్రదర్శనాబుద్ధి ఆ తర్వాతే ప్రస్తావనకు వస్తాయి. ఇరుగుపొరుగుకు చిన్నపాటి వస్తువు ఇవ్వడానికి కూడా మనసొప్పని లోభత్వం చివర వస్తుంది.

ఈ సూరాను నమాజులో పఠించే మన ఇళ్లలోనే, డిగ్రీ పూర్తిచేసిన అబ్బాయో అమ్మాయో “నేను సోషల్ వర్క్ చదువుతాను, ఆ రంగంలోనే ఉద్యోగం చూసుకుంటాను” అంటే ఏమవుతుంది? “అదీ ఒక చదువేనా?” అంటారు నాన్న. “ఆ జీతంతో ఇల్లు గడుస్తుందా?” అంటారు అమ్మ. కాస్త ధర్మజ్ఞానం ఉన్న పెద్దాయన ఎవరైనా పక్కనుంటే, “సేవ అల్లాహ్ కోసం చేయాలి బేటా! జీతం తీసుకుంటే అది సేవ ఎలా అవుతుంది?” అంటారు. మొదటి రెండూ లోకం సంగతులు. మూడవది ధర్మం పేరుతో వచ్చింది కనుక ముందు దాన్నే పరిశీలించాలి.

ఆ పెద్దాయన మాటకు ఆధారం లేకపోలేదు. పేదలకు, అనాథలకు, ఖైదీలకు అన్నం పెట్టే పుణ్యాత్ములు తాము అల్లాహ్ ప్రసన్నత కోసమే పెడుతున్నామని, వారి నుంచి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ ఆశించడం లేదని భావిస్తారని ‘అద్దహ్ర్’ సూరా (76:8-9) చెబుతుంది. కానీ ఆ ఆయతును జాగ్రత్తగా చదవండి. అన్నం తిన్నవారి నుంచి ఏదీ ఆశించకూడదని అందులో ఉంది. ఆ పని కోసం తన పగలంతా ధారపోసేవాడు ఆకలితో ఉండాలని అందులో లేదు.

అసలు జకాత్ సొమ్ము ఎవరెవరికి చెందుతుందో అల్లాహ్ స్వయంగా ఎనిమిది పద్దులుగా నిర్ణయించాడు (9:60). మొదట నిరుపేదలు, తర్వాత అగత్యపరులు. మూడవ స్థానంలోనే జకాత్ వసూలు, పంపిణీ వ్యవహారాలు చూసే సిబ్బంది ఉన్నారు. పేదల కోసం పనిచేసేవారి వేతనాన్ని ఖుర్ఆన్ పేదల పక్కనే పేర్కొంది. ఇంతకన్నా స్పష్టమైన అనుమతి ఇంకేం కావాలి?

హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో ఇబ్ను సఅదీ (రజి) ప్రజల పనులు చేస్తూ జీతం పుచ్చుకోవడానికి నిరాకరించేవారు. తనకు గుర్రాలున్నాయి, సేవకులున్నారు, తన శ్రమ ముస్లిములకు దానంగా ఉండనీయండి అన్నది ఆయన కోరిక. ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. ఒకప్పుడు తాను కూడా అలాగే అంటే దైవప్రవక్త (సఅసం) వారించారని చెప్పారు. అడగకుండా, ఆశపడకుండా వచ్చిన సొమ్మును తీసుకోమని, కావాలంటే తీసుకున్నాక దానం చేయమని ప్రవక్త (సఅసం) ఉపదేశించారు. ఇది సహీహ్ బుఖారీలో ఉన్న ఉదంతం. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయిన తర్వాత కూడా బట్టలు భుజాన వేసుకుని బజారుకు బయలుదేరితే, సహచరులే ఆయన్ను ఆపి బైతుల్‌మాల్ నుంచి కుటుంబ పోషణకు సరిపడా భత్యం ఏర్పాటు చేశారు. పని పూర్తికాలం చేయాలంటే పొయ్యి మీద కుండ కూడా ఉడకాలి కదా!

అయితే గీత ఎక్కడుంది? దానికి కూడా హదీసే ఉంది. బనూ సులైమ్ తెగ నుంచి జకాత్ వసూలు చేసి తెచ్చిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని సొమ్మును రెండుగా విడదీశాడు. దైవప్రవక్త (సఅసం) ఆగ్రహించారు. మింబర్ ఎక్కి, అతను తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఈ కానుకలు వచ్చేవా అని అందరి ముందూ ప్రశ్నించారు. ఈ రంగంలోకి వచ్చే యువతీయువకులు దీన్ని మరువరాదు. పింఛను కాగితాలు నింపిపెట్టినందుకు ఒక అవ్వ కొంగుముడి విప్పి యాభై రూపాయలు చేతిలో పెట్టబోతుంది. ప్రేమతోనే ఇస్తుంది. అయినా తీసుకోకూడదు. ఎందుకంటే మరుసటి వారం వచ్చే ఇంకో అవ్వ కొంగున ఆ యాభై ఉండకపోవచ్చు.

ఇక చదువు సంగతి. సోషల్ వర్క్ అంటే రంజాన్‌లో రేషన్ కిట్లు పంచి ఫోటో దిగడం అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. ఎమ్.ఎస్.డబ్ల్యూ. రెండేళ్ల పీజీ కోర్సు. పాఠాలతోపాటు బస్తీల్లో, ఆసుపత్రుల్లో, హోముల్లో క్షేత్రశిక్షణ ఉంటుంది. మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. నేడు విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలోనూ, హైదరాబాదులోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలోనూ ఉంది. ఇది చదివినవారికి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో, హింసకు గురైన మహిళల కోసం నడిచే ‘సఖి’ కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో, మానసిక చికిత్సాలయాల్లో, వృద్ధాశ్రమాల్లో పని ఉంటుంది. జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలు కావు, చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు పద్ధతివే. ఈ నిజాన్ని దాచి పిల్లల్ని ప్రోత్సహించడం నాకిష్టం లేదు. కానీ వితంతువుల కోసం, పేదల కోసం పాటుపడేవాడు దైవమార్గంలో పోరాడేవానితో సమానమని బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసును నమ్మే తల్లిదండ్రులు కేవలం ప్యాకేజీ చూసి ఆ దారి మూయరాదు.

అమ్మాయిల విషయంలో సంకోచం మరీ ఎక్కువ. హిజ్రీ 5వ ఏట కందకం యుద్ధంలో సఅద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడితే, దైవప్రవక్త (సఅసం) ఆయన్ను మస్జిదులోనే వేసివున్న ఒక గుడారానికి పంపించారు. అది అస్లమ్ తెగకు చెందిన రుఫైదా (రజి) గుడారం. ఆమె క్షతగాత్రులకు చికిత్స చేసేవారు, దిక్కులేని ముస్లిములకు సేవ చేయడాన్ని పుణ్యంగా ఎంచుకున్నారు. మన బస్తీల్లో మగ ఉద్యోగి గడప దగ్గరే ఆగిపోవలసిన ఇళ్లెన్నో ఉన్నాయి. ఆ గడప దాటి, తన్నులు తిన్న ఇల్లాలి పక్కన కూర్చుని మాట వినగలిగేది మన కూతుళ్లే.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష ఇప్పుడు చెబుతాను. తోటివారి లోపాలను కప్పిపుచ్చేవారి లోపాలను అల్లాహ్ కప్పిపుచ్చుతాడని మనకు తెలుసు. ఒక ఇంట్లోని రహస్యం ఇంకో ఇంటి చావడిలో కబురు కాకూడదు. అయితే ఒక పసిబిడ్డపై అత్యాచారం జరిగిందని తెలిస్తే? “మన కౌమ్ పరువు పోతుంది, లోలోపలే సర్దుబాటు చేసుకుందాం” అని పెద్దలు చుట్టూ చేరతారు. ఇక్కడ మౌనం దోషం కప్పడం కాదు, దౌర్జన్యానికి తోడ్పడటం. న్యాయం కోసం మీకే వ్యతిరేకంగానైనా, తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకంగానైనా సాక్ష్యం ఇవ్వమని అల్లాహ్ ఆజ్ఞ (4:135). 2012 నాటి పోక్సో చట్టం కూడా అలాంటి నేరం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలపాలని నిర్బంధించింది. పోలీసులకు తెలపాల్సిందే. బిడ్డ రక్షణ కోసం 1098కు కూడా ఫోన్ చేయాలి. బంధువులు ముఖం చాటేసినా సరే.

మరో మాట. మన దగ్గరికి వచ్చేవారు ఏ మతంవారైనా కావచ్చు. ముస్లిమేతర బంధువులకు దానం చేయడానికి కొందరు సంకోచించిన సందర్భంలోనే, వారిని సన్మార్గానికి తేవడం ప్రవక్త బాధ్యత కాదని తెలిపే ఆయతు (2:272) అవతరించిందని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) తెలిపారు. ఆకలిగొన్నవాడికి అన్నంతోపాటు షరతు పెట్టడం మన పద్ధతి కాదు.

చివరగా అలసట గురించి. రోజూ ఇతరుల కన్నీళ్లు చూసేవారి గుండె బరువెక్కుతుంది, లేదా మొద్దుబారుతుంది. రాత్రంతా నమాజు, పగలంతా ఉపవాసం అంటూ ఇల్లాలిని పట్టించుకోని అబూ దర్దా (రజి)తో సల్మాన్ ఫార్సీ (రజి), నీ ప్రభువుకే కాదు, నీ దేహానికీ నీ ఇంటివారికీ నీపై హక్కు ఉందని చెప్పారు. సల్మాన్ చెప్పింది నిజమేనని దైవప్రవక్త (సఅసం) ధృవీకరించారు. ఆరాధన విషయంలోనే అలా ఉంటే ఉద్యోగం మాటేమిటి? సాయంత్రం ఇంటికి రాగానే వుజూ చేసి నమాజు చదువుకుని, అమ్మానాన్నలతో దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినండి. కేసు ఫైలు ఆఫీసు బీరువాలోనే ఉంటుంది, రేపు తెరవవచ్చు.