గడప దాటిన గాజు

పగిలిన గాజు ఇంట నుండరాదని మన పెద్దలు చెప్పుదురు. అద్దము పగిలిన నశుభ మందురు; చేతిగాజులు పగిలెనని పలుకుటకు జంకి, చిట్లినవని మాట మార్చుదురు. ఈ నమ్మకము తప్పో యొప్పో యిచట మాకు విచార్యము కాదు. అట్లు బయట పారవేసిన గాజు ఎచటికి పోవునన్నదే మా ప్రశ్న. అది మన గడప దాటినంత మాత్రమున లోకమును దాటిపోదు గదా! బిచ్కుంద ప్రాంతపు నల్లరేగడి చేలలో, గట్టున గూర్చుండి త్రాగినవాడు విసరిన సీసా పెంకు ఒక్క వాన పడినంతనే మంటిలో దాగును. కలుపు తీయ వచ్చిన కూలిస్త్రీ పాదమే దానిని మరల కనుగొనును. ఒకరి శుభ్రత, ఒకరి విలాసము, వేరొకరి కాలి గాయముగా పరిణమించుచున్నది.

ఇటీవల పెక్కు దేశముల శిల్పులు ఇట్టి గాజును ప్రోగుచేసి, కడిగి, కరగించియో యతికించియో రూపము కల్పించి, లోపల దీపముంచి, పదిమంది నడచుచోట నిలుపుచున్నారు. చూపరులు సంతోషించుచున్నారు. ఇది చేసిన తప్పునకు ప్రాయశ్చిత్తమా, లేక తప్పునకే యలంకారమా యన్నది విచారింపదగిన విషయము.

గాజునందు దోషము లేదు. ఇసుక, సోడా, సున్నపురాయి చేర్చి సుమారు 1,500 డిగ్రీల వేడిమిలో కరగించిన గాజగును. ఎన్నిమారులు కరగించినను దాని గుణము తరుగదు. కొలిమిలోని సరకున నూటికి పదిపాళ్లు పాతగాజు చేర్చినచో వేడిమి వ్యయమున నూటికి రెండున్నర, మూడు పాళ్లు మిగులును. కనుక గాజు చెత్తయగుట దాని స్వభావముచే గాదు, మన యలసత్వముచేతనే.

థాయిలాండు దేశమున సిసాకెట్ ప్రాంతమునందు బౌద్ధభిక్షువులు 1984లో ఆరంభించి, పది లక్షలకు పైబడిన సీసాలు పేర్చి ఆలయమును నిర్మించిరి. వానిలో పెక్కు బీరుసీసాలే. మద్యమును వర్జించినవారి గోడలలో ఆ యాకుపచ్చ, గోధుమవన్నె సీసాలు సూర్యకాంతిని వడపోయుచున్నవి. చండీగఢ్ నగరమున నేక్ చంద్ అను రోడ్ల తనిఖీ ఉద్యోగి పగిలిన గాజులతోను, పింగాణి పెంకులతోను ఏండ్ల తరబడి రహస్యముగా బొమ్మలు చేయగా, ఆ తోట 1976లో ప్రజలకు తెరువబడెను. త్రోసివేసినదానికి గౌరవము కల్పింపవచ్చునని వీరు నిరూపించిరి.

మనకును ఈ కళ బొత్తిగా క్రొత్తది కాదు. ఆంబేరు కోటలో రాజులు గోడలకు అద్దపుముక్కలు పొదిగించి, ఒక్క దీపమును వేయి దీపములుగా చూచి యానందించిరి. మన తాండాల లంబాడీ స్త్రీలు రవికెకు, పైటకు అద్దపుబిళ్లలు కుట్టుకొని, ఆ యానందమునే యెండలో బాటవెంట పంచిపెట్టుచున్నారు. మొదటిది రాజుగారి గదిలోని సొత్తు. రెండవది త్రోవన బోవు ప్రతివానిది. పౌరకళ యనదగినది రెండవదే.

అయినను ఒక యాక్షేపణ కలదు. అందము మరపించును. సీసాల దీపమును చూచి మురిసినవాడు ఆ సీసాలు ఖాళీయైన విధమును, ఖాళీయైన యిండ్లను తలపకపోవచ్చును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమునకు పోవు త్రోవలో దీపము పెట్టుమని యడుగలేదు, దుకాణమే మూయుమనిరి. వారి యుద్యమఫలముగా 1993లో సారా నిషిద్ధమయ్యెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము మాత్రము రెండేండ్లకే సడలిపోయెను. చట్టము సడలినను ఆ స్త్రీలడిగిన ప్రశ్న సడలలేదు.

కావున కళకు స్థానమున్నది, కాని అది మొదటి స్థానము కాదు. సీసాను కడిగి మరల నింపుట యుత్తమము. పగిలినదానిని కొలిమికి పంపుట మధ్యమము. ఆ రెంటికిని పనికిరానిది శిల్పికి చేరవలెను. ఆ పెంకులను బుట్టతో నేరి తెచ్చినవారి చేతులకు తొడుగులును, శ్రమకు తగిన కూలియు ముందుగా ముట్టవలెను. ఏరినవాని సందు చీకటిలో నుండగా కూడలి మాత్రము వెలుగుట ధర్మము కాదు.

బిచ్కుంద బజారు కూడలిలో నట్టి దీపము నొకదానిని నిలుపవలెనని యువకులు తలపెట్టుదురేని మేము సంతోషింతుము. కాని వారికొక మనవి. దాని క్రింద శిల్పి పేరుతోపాటు పెంకులేరినవారి పేర్లును వ్రాయుడు. మరుసటి యేట రెండవ దీపమునకు వలయు గాజు దొరకక మీరు వెదకవలసివచ్చెనా, మొదటి దీపము తన పని తాను చేసినట్లే. బండెడు పెంకులు సులభముగా దొరకెనా, ఊరు దీపమును చూచినదే గాని, దాని వెలుగున తన్ను తాను చూచుకొనలేదని తెలిసికొనుడు.