నీకెసుంటి ఆటలిష్టం అక్కా?

పోయిన సంక్రాంతికి మా తమ్ముడు హైదరాబాద్ నుంచి నల్గొండకు వచ్చి తన పాత ల్యాప్‌టాప్ నాకిచ్చాడు. "వీడియోగేములు ఏసిస్త అక్కా, నీకెసుంటి ఆటలిష్టం?" అన్నాడు. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. నవలల్లో, కవిత్వంలో నా ఇష్టాయిష్టాల గురించి గంటసేపు మాట్లాడగలను. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. ముప్పై ఆరేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. నన్ను నేనూ అడుక్కోలేదు.

చివరికి ఒక్కొక్కటే కూడబలుక్కుని చెప్పాను. తుపాకులు వద్దు. వేళ్లు చకచకా కదిలించాల్సిన పని వద్దు. ఎవడో వచ్చి కాపాడాల్సిన రాజకుమారి అసలే వద్దు. కథ ఉంటే బాగుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మధ్యలో ఎప్పుడు లేచినా ఓడిపోకూడదు. తమ్ముడు నవ్వాడు. "అంటే నువ్వు క్యాజువల్ ప్లేయర్‌వి" అన్నాడు. తీరిక దొరికినప్పుడు సరదాకి ఆడేవాళ్లను ఆటల పరిశ్రమ అలా పిలుస్తుంది. 'హార్డ్‌కోర్' అంటే అసలైన ఆటగాళ్లట. స్త్రీల నవలల్ని వంటింటి సాహిత్యమని తీసిపారేసిన రోజులు గుర్తొచ్చాయి.

అయితే నన్ను తొలిచింది ఆ పేరు కాదు, నేను పెట్టిన చివరి షరతు. మధ్యలో లేవగలగాలి అనేది నా అభిరుచేనా? లేక కుక్కర్ కూత, అత్తమ్మ పిలుపు, పాప హోంవర్కు కలిసి నాకు నేర్పిన సర్దుబాటా? అందని ద్రాక్షను పుల్లనిదనుకునే నక్క కథనే పేరుగా పెట్టి జాన్ ఎల్‌స్టర్ 1983లో ఒక పుస్తకం రాశాడు. దక్కే అవకాశాలకు తగ్గట్టు కోరికలే కుదించుకుపోవడం గురించి అందులో చర్చించాడు. మార్తా నస్‌బామ్ 2000లో స్త్రీల అభివృద్ధి మీద రాసిన పుస్తకంలో మనిషికి ఉండి తీరాల్సిన సామర్థ్యాల జాబితా ఇచ్చింది. ఆరోగ్యం, ఆలోచనలతో పాటు ఆటను కూడా ఆ జాబితాలో చేర్చింది. పీహెచ్‌డీ రోజుల్లో ఇద్దరినీ చదివాను. నా విషయానికి మాత్రం అన్వయించుకోలేదు.

జడ్చర్ల దగ్గర పల్లెలో మా అమ్మమ్మ ఓమనగుంటలు బాగా ఆడేది. చెక్కపలక మీద ఏడేసి గుంటలు రెండు వరసలు, గుప్పెడు చింతగింజలు. మగవాళ్లు రచ్చకట్ట మీద పొద్దుగూకేదాకా పచ్చీసు ఆడేవాళ్లు, కదిలించే దిక్కుండేది కాదు. అమ్మమ్మ ఎప్పుడు ఆడేదో తెలుసా? బయట చేరిన మూడు రోజులు. పొయ్యి దగ్గరికి రానివ్వరు కాబట్టి తీరిక దొరికేది. అంటు అన్న అవమానంలోంచి ఆమెకు ఆట దక్కింది. ఆ మూడు రోజులు కూడా అందరికీ లేవు. పాలమూరు నుంచి వలసపోయి మట్టి మోసిన స్త్రీలు ఆ రోజుల్లోనూ తట్ట ఎత్తాల్సిందే. తీరిక గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను మరిచిపోతే నేను చెప్పేది సగం అబద్ధమే అవుతుంది.

మన ముక్కలైన సమయం సంగతి పరిశ్రమకు బాగా తెలుసు. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో అయిదు ప్రాణాలు ఇస్తారు. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది. మళ్లీ ఒకటి రావాలంటే అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. రెండు పనుల మధ్య సందులో అతికినట్టు సరిపోతుంది. నా తీరికలేనితనాన్ని ఓర్చుకునే ఆట వేరు, దాన్ని బేరం పెట్టే ఆట వేరు.

తమ్ముడు వేసిచ్చిన వాటిలో అన్‌ప్యాకింగ్ అనే ఆట ఉంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో తయారై 2021లో వచ్చింది. 1997 నుంచి 2018 దాకా ఒకమ్మాయి ఎనిమిది సార్లు ఇల్లు మారుతుంది. పెట్టెలు విప్పి సామాన్లు సర్దడమే మన పని. గడియారం లేదు, మార్కులు లేవు. రోజూ చేసే చాకిరీ మళ్లీ ఆటలోనా అని విసుక్కున్నాను. 2010లో ఆమె ప్రియుడి ఇంట్లోకి మారుతుంది. ఆమె డిగ్రీ పట్టాకు గోడ మీద చోటు దొరకదు. ఎంత తిప్పినా చివరికి మంచం కిందకే తోయాలి. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. నా డాక్టరేట్ పట్టా బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

ఆ తర్వాత ఒక ఆదివారం, రెండు గంటలసేపు నన్నెవరూ పిలవొద్దని ఇంట్లో చెప్పి గది తలుపేసుకున్నాను. ఆ రోజు రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ మొదలుపెట్టాను. లూకస్ పోప్ చేసిన ఈ ఆట 2018లో వచ్చింది. ఈస్టిండియా కంపెనీ తరఫున 1807లో ఒక ఓడను తనిఖీ చేయాలి. అందులోని అరవైమందిలో ఎవరెవరు, ఎవరికి ఏం జరిగిందీ ఆధారాలతో తేల్చాలి. మధ్యలో వదిలేస్తే దారం తెగిపోతుంది. ఆట కష్టంగా ఉంది. నాకు విపరీతంగా నచ్చింది. పాత దస్త్రాలు తిరగేసిన పరిశోధన రోజుల ఆనందం మళ్లీ దొరికింది.

తుపాకులు వద్దనడం, రాజకుమారి వద్దనడం నా ఇష్టాలే, తలుపేసుకున్నా మారలేదు. మధ్యలో లేవగలగాలన్నది మాత్రం నాది కాదు, ఇంటిది. తెంపులేని రెండు గంటలు దొరికేదాకా ఆ రెంటినీ విడదీసి చూడలేకపోయాను. సమయం లేని చోట అభిరుచిని ఎలా కనుక్కుంటాం?

తలుపు తీసి బయటికొస్తే అత్తమ్మ బియ్యం ఏరుతోంది. పక్కన కూచుని చాట అందుకున్నాను.

"అత్తమ్మా, మీకెసుంటి ఆటలిష్టం?"

చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది. "యాళ్ల ఏడున్నది బిడ్డా, ఇష్టం ఎరుకయ్యేటందుకు?" అంది.